మాన్యువల్ నుంచి ఏజెంట్ దాకా: సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ వెతుకులాట చరిత్ర

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1971 నవంబర్ 3 తేదీతో ఒక మాన్యువల్ వెలువడింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తాము తయారు చేస్తున్న యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి తామే రాసిన పుస్తకం అది. రాసి తీరాలని పట్టుబట్టినవాడు వారి పై అధికారి డగ్ మెక్‌ఇల్‌రాయ్. ప్రతి కమాండ్‌కూ ఒకే అమరిక: పేరు, వాడే తీరు, వివరణ, ఇంకా చూడవలసినవి. వాటితో పాటు మరో రెండు శీర్షికలు ఉండేవి. 'బగ్స్' కింద తమకు తెలిసిన లోపాలు రాశారు. 'ఓనర్' కింద ఆ ప్రోగ్రాం బాధ్యత ఎవరిదో రాశారు. ఏది పనిచేయదో, ఎవరిని అడగాలో దాచకుండా చెప్పడం మంచి డాక్యుమెంటేషన్ లక్షణమని ఆ పుస్తకం మొదట్లోనే నిర్ణయించింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి వెతుకులాట సాధనాన్నీ, నేటి ఏఐ ఏజెంట్లతో సహా, ఈ గీటురాయి మీదే పరీక్షించాలని నా అభిప్రాయం.

ఆ మాన్యువల్‌కు ఒక పరిమితి ఉండేది. కమాండ్ పేరు తెలిసినవారికే అది ఉపయోగపడేది. బర్క్‌లీ యూనిక్స్‌లో వచ్చిన 'అప్రోపో' కమాండ్ ఈ ఇబ్బందిని కొంత తగ్గించింది. ఒక మాట ఇస్తే, ఆ మాట ఉన్న ఏకవాక్య వివరణలన్నీ వెతికి చూపేది. నెట్‌వర్క్ విస్తరించాక సమాచారం ఏ కంప్యూటర్‌లో ఉందో కనుక్కోవడమే కష్టమైంది. 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎమ్టేజ్ రూపొందించిన 'ఆర్చీ' బహిరంగ ఎఫ్‌టీపీ సర్వర్లలోని ఫైళ్ల జాబితాలు సేకరించి వెతికిపెట్టేది. అది ఫైలు పేరు మాత్రమే చూసేది, లోపల ఏముందో దానికి తెలియదు.

1996లో జావా తొలి వెర్షన్‌తో వచ్చిన 'జావాడాక్' రాసే పద్ధతినే మార్చింది. ప్రోగ్రామర్ కోడ్ పక్కన రాసుకున్న వ్యాఖ్యల నుంచే వెబ్ పేజీలు తయారయ్యేవి. కోడ్ మారినప్పుడు వివరణను కూడా అక్కడే సరిదిద్దే వీలు కలిగింది. 1998లో గూగుల్ సంస్థ ఏర్పడింది. ఎర్రర్ సందేశాన్ని యథాతథంగా దాని సెర్చ్ పేజీలో అతికించి వెతకడం కొద్ది ఏళ్లలోనే ప్రోగ్రామర్లకు అలవాటైంది. 2008లో జెఫ్ యాట్‌వుడ్, జోయెల్ స్పోల్స్కీ ప్రారంభించిన ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో మంచి జవాబును తోటివారి ఓట్లు పైకి తెచ్చేవి. 2010లో మొదలైన రీడ్ ద డాక్స్, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు తమ డాక్యుమెంటేషన్‌ను వెర్షన్ల వారీగా ఉంచుకునే చోటు ఇచ్చింది.

వెర్షన్ల సంగతి చిన్నది కాదు. పైథాన్ 3 వెలువడింది 2008 డిసెంబర్‌లో. పైథాన్ 2కు అధికారిక మద్దతు ఆగింది 2020 జనవరి 1న. పదకొండేళ్లకు పైగా రెండూ పక్కపక్కనే నడిచాయి. ఒకదానికి రాసిన జవాబు రెండోదానిలో పనిచేయకపోవచ్చు. జవాబు దొరకడంతో పని పూర్తికాదని, అది ఏ వెర్షన్‌కు చెందిందో కూడా తేల్చుకోవాలని ఆ తరం ప్రోగ్రామర్లు నేర్చుకున్నారు.

2021లో పరిమితంగా విడుదలైన గిట్‌హబ్ కోపైలట్ ఈ అలవాటును కదిలించింది. శిక్షణలో చూసిన కోడ్ ఆధారంగా అది తదుపరి వరుసలు సూచించేది. ఆ సూచన ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పేది కాదు. వేగం పెరిగింది, ఆధారం కనుమరుగైంది. దీనికి విరుగుడు పరిశోధకులు అప్పటికే వెతుకుతున్నారు. 2020లో ప్యాట్రిక్ లూయిస్ బృందం సంబంధిత పత్రాలను ముందు వెతికి తెచ్చి, వాటి ఆధారంగా ఏఐ భాషా మోడల్ చేత జవాబు రాయించే పద్ధతిని ప్రతిపాదించింది. 2021 డిసెంబర్‌లో ఓపెన్‌ఏఐ చూపిన వెబ్‌జీపీటీ తానే వెతికి, పేజీలు తెరిచి, ఆధారాలు ఉటంకిస్తూ జవాబిచ్చింది. 2022లో వచ్చిన 'రియాక్ట్' పద్ధతిలో మోడల్ కొంత ఆలోచించి, ఒక పని చేసి, ఫలితం చూసి, తదుపరి అడుగు నిర్ణయించుకుంటుంది. నేటి ఏజెంట్లకు బాట వేసిన పనులివి.

ఇవాళ మంచి ఏజెంట్‌కు ఒక సమస్య అప్పగిస్తే, మొదట మన ప్రాజెక్టులో ఆ లైబ్రరీ ఏ వెర్షన్ ఉందో చూస్తుంది. ఆ వెర్షన్ డాక్యుమెంటేషన్, మార్పుల జాబితా, ఇతరులు నమోదు చేసిన సమస్యలు చదువుతుంది. స్పష్టత రాకపోతే సోర్స్ కోడ్ తెరుస్తుంది, చిన్న పరీక్ష నడిపి సరిచూస్తుంది. ఇంగ్లిష్‌లోనే ఉన్న ఆ సమాచారాన్ని తెలుగులో వివరించమని కూడా అడగవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివి ఈ రంగంలోకి వచ్చే విద్యార్థికి ఇది నిజమైన ఆసరా.

డాక్యుమెంటేషన్ కూడా ఈ కొత్త పాఠకులకు తగ్గట్టు మారుతోంది. 2024 సెప్టెంబర్‌లో జెరెమీ హోవర్డ్, భాషా మోడళ్లు సులువుగా చదవగలిగే సారాంశ ఫైలును ప్రతి సైట్‌లో ఉంచాలని ప్రతిపాదించారు. అదే ఏడాది నవంబర్‌లో ఆంత్రోపిక్ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, ఏజెంట్లను సమాచార వనరులతో కలిపే ఉమ్మడి పద్ధతిని అందించింది.

ప్రమాదాలూ ఇక్కడే ఉన్నాయి. మోడళ్లు ఒక్కోసారి లేని ప్యాకేజీల పేర్లు సృష్టిస్తాయి. అదే పేరుతో ఎవరైనా హానికరమైన ప్యాకేజీ పెడితే, నమ్మి దించుకున్నవారు చిక్కుకుంటారు. చదివే పేజీలోనే దురుద్దేశపూరిత ఆదేశాలు దాచి ఏజెంట్‌ను దారి మళ్లించవచ్చు. ఏఐ కోసం పేజీలు సేకరించే క్రాలర్ల భారం మరొకటి. 2024 మే నెలలో ఒక్క క్రాలర్ తమ నుంచి 73 టెరాబైట్లు దించుకుందని రీడ్ ద డాక్స్ వెల్లడించింది. ఆ భారం పడింది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఆశ్రయమిచ్చిన చోటుపైనే.

కాబట్టి ఏజెంట్ నుంచి మనం కోరవలసినవి మూడు: ఏ పేజీలో, ఏ వెర్షన్‌లో చూసిందో చెప్పాలి, తాను పరీక్షించి చూసినదేదో, ఊహించినదేదో వేరు చేయాలి, దొరకనిదాన్ని దొరకలేదని ఒప్పుకోవాలి. మన వైపు నుంచి చేయవలసిందీ ఉంది. ఎంత తెలివైన ఏజెంట్ అయినా ఎవరో ఒకరు ఓపికగా రాసిపెట్టిన దాని మీదే ఆధారపడుతుంది. డాక్యుమెంటేషన్ రాసేవారి శ్రమను ప్రోగ్రామర్ శ్రమతో సమానంగా గుర్తించి, జీతంలోనూ గౌరవంలోనూ చోటివ్వాలి. ఏజెంట్లతో లాభపడుతున్న సంస్థలు ఆ ఖర్చులో తమ వాటా భరించాలి.