మంజీర నీరు, మిద్దెమీది ఎండ

ఎల్లారెడ్డికి సమీపమున పొలములో కట్టుకొన్న ఒక ఇంటికి గత వేసవిలో మేము సంభాషణను రికార్డు చేయుటకై వెళ్ళితిమి. మిద్దెపై 3 కిలోవాట్ల సౌరఫలకములు దక్షిణమునకు మొగమై వాలియున్నవి. మిట్టమధ్యాహ్నము, ఎండ నిప్పులు చెరుగుచున్నది. అంతలో ఇంటిలోని పంకా ఆగిపోయినది. ఇంటియజమాని పైకప్పు వంక చూచి, "ఎండ గింత కొడుతున్నది గద సార్, మరి పంక ఎందుకు బందైంది?" అని అడిగినాడు. అడుగవలసిన ప్రశ్నయే. దానికి సమాధానము చెప్పుటకు మునుపు, ఆ ఇంటికి కరెంటు నడచివచ్చిన దారిని కొంత చూడవలెను.

ఎల్లారెడ్డికి పడమట, అచ్చంపేట వద్ద మంజీరపై నిజాంసాగర్ ఆనకట్ట నిర్మాణము 1923లో మొదలై 1931లో ముగిసినది. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు దానికి ఇంజనీరు. 1950ల మధ్యకాలమున అక్కడనే జలవిద్యుత్కేంద్రము వెలసినది. దాని సామర్థ్యము నేటి లెక్కలో 10 మెగావాట్లు. కాని జలాశయము ఈ సీమలో నుండగా ప్రధాన కాలువ ఉత్తరమునకు సాగి, బాన్సువాడ, బోధన్ ప్రాంతములను తడిపినది. ఎల్లారెడ్డి వైపున కొంత భూమికి 1922లో ముగిసిన పోచారము చెరువు నీరందినది. తక్కిన మెట్టభూములకు నూతులే దిక్కు. ఇంటి ముంగిట పెద్దచెరువు, పొలములో ఎండిన మడి! ఇట్టి చిత్రమును మన దేశమున పెక్కుచోట్ల చూడవచ్చును.

ఆ చెరువైనను చెక్కుచెదరక నిలువలేదు. మొదట దాదాపు 29.7 శతకోటి ఘనపుటడుగుల నీటికై కట్టిన జలాశయము, పూడిక నిండుటచే 1970ల నాటికి 12కు దిగజారినది. తరువాత గేట్ల యెత్తు పెంచగా 17.8 వరకు తిరిగి వచ్చినది. ఎగువను సింగూరు ఆనకట్ట వచ్చినది. మంజీర నీటికి హైదరాబాదు నగరము కూడ వాటాదారైనది. నీటికై విడిచిన నీటితోనే విద్యుత్తు. నీరు విడువనినాడు యంత్రము తిరుగదు.

మెట్టరైతు కథ వేరు. మొదట మోటబావి. ఎద్దులు వాలుదారిని దిగుచు తోలుబొక్కెనను లాగెడివి. తరువాత ఆయిలింజను, ఆపై కరెంటు మోటారు. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1969లో కేంద్రమున గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినవి. 1970లో పొరుగుననే సిరిసిల్లలో, జనులే సభ్యులుగా, సహకార విద్యుత్ సరఫరా సంఘము పని ప్రారంభించినది. తీగ పల్లెకు చేరినది, నిజమే. చేరినది మాత్రము తుదకొన. కాలువ చివరి మడికి నీరు సన్నగిల్లినట్లే తీగ చివరి మోటారుకు వోల్టేజి సన్నగిల్లెడిది, మోటారు కాలెడిది. బావులు ఇంకిన కొలది బోర్లు లోతెక్కినవి. వంతుల కరెంటు నడిరేయి వచ్చినచో, రైతు టార్చిలైటు పట్టుకొని చీకటిలో మీట వేయబోయెడివాడు. పాముకాటుకో, తడిచేతి షాకుకో గురియైన వారి కథలు ఈ సీమలో ప్రతి ఊరికిని ఉన్నవి. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు, 2018 జనవరి 1 నుండి తెలంగాణలో ఇరువదినాలుగు గంటల సరఫరా వచ్చినవి. ఆ వెనుకటి రాత్రులను చూచినవారికి వీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

నిజాంసాగర్‌లో విద్యుద్యంత్రములు కూర్చుచున్న ఆ దశకముననే, 1954 ఏప్రిల్ 25న అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు సిలికానుతో చేసిన సౌరఘటమును లోకమునకు చూపిరి. అది తనపై పడిన వెలుగులో నూటికి ఆరుపాళ్ళను మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగినది. 1958లో వాన్‌గార్డ్ ఉపగ్రహముతో అది ఆకాశమున కెగిరినది. ఆకాశమునుండి ఎల్లారెడ్డి మిద్దెకు దిగుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది, కారణము వెల. 2010లో జాతీయ సౌరశక్తి కార్యక్రమము ఆరంభమై, తొలి వేలములో యూనిటు ధర సుమారు 12 రూపాయలు పలికినది. 2017లో రాజస్థానములోని భడ్లా వద్ద అది 2 రూపాయల 44 పైసలకు దిగినది.

ఇక్కడ ఒక చిక్కున్నది. మోటారుకు కరెంటు ఉచితమైనపుడు రైతు ఫలకములను కొనుటెందుకు? ఇంటి మీటరుకు మాత్రము లాభము కలదు. పగటిపూట మిగిలిన విద్యుత్తు తీగలోనికి పోవును, రాత్రి కావలసినది తీగనుండి వచ్చును, రెండింటిని ఒకే మీటరు లెక్కించును. 2024లో వచ్చిన కేంద్రపథకమున 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సాయము కలదు. పొలమునకు వేరొక దారి: 2019 నాటి 'కుసుమ్' పథకమున రైతు తన బీడుభూమిపై 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు కేంద్రము నెలకొల్పి, దగ్గరి సబ్‌స్టేషనుకు కలిపి, 25 ఏండ్ల ఒప్పందముపై విద్యుత్తు నమ్మవచ్చును. మెగావాటుకు నాలుగైదు ఎకరములు కావలెను. అనగా నిజాంసాగర్ యంత్రముల సామర్థ్యమునకు నలుబది యేబది ఎకరముల రాతినేల సాటి, అయితే సూర్యుడున్నంతసేపే. మాకు తోచినంతలో, రెండెకరముల రైతు ఒంటరిగా ఇంతటి పెట్టుబడికి తూగలేడు. సంఘముగ కూడుటయో, కౌలుకిచ్చుటయో చేయవలెను. 25 ఏండ్ల కౌలుపత్రముపై సంతకము చేయుటకు ముందు దానిని చదివించుకొని వినుట మంచిది. సిరిసిల్ల సంఘము పొరుగుననే యున్నది. కూడి నడచుట ఈ సీమకు క్రొత్త గాదు.

ఇక పంకా మాట. ఫలకములలో పుట్టునది ఏకముఖ విద్యుత్తు. ఇన్వర్టరు దానిని తీగలోని యేబది ఆవృత్తుల లయకు సరిపెట్టి పంపును. తీగలో కరెంటు లేనిచో ఇన్వర్టరు తానై ఆగవలెనని నియమము. ఏల యనగా, మరమ్మతునకై లైను ఆపి లైన్‌మన్ స్తంభ మెక్కియుండును. ఆ వేళ ఏదో ఒక మిద్దెనుండి కరెంటు తీగలోనికి వచ్చినచో అతని ప్రాణము పోవును. ఎండ ఎంత కాచినను ఆ ఫలకములు మౌనముగ నుండుట అందుకే. బ్యాటరీతోడి ప్రత్యేకమైన ఏర్పాటున్నచో ఇంటివరకు వేరుపరచి నడుపుకొనవచ్చును, ఖర్చు పెరుగును.

ఇదంతయు విని గృహస్థు బయటికి నడచెను. మేమును వెంట నడచితిమి. పొలముగట్టు కావల, స్తంభముపై ఒక మనిషి నిజముగానే ఉండెను. అతడు దిగి, చేయి ఊపినాడు. కరెంటు వచ్చిన కొన్ని నిమిషములకు ఇన్వర్టరుపై పచ్చదీపము వెలిగినది. యజమాని లోనికి పోయి, లైన్‌మన్‌కు చెంబుతో చల్లనీళ్ళు తెచ్చినాడు.