శివారు నుంచి పంచాయతీ దాక: మా తండా ముచ్చట

పోయిన మహాసభలో పెద్ద ఊర్ల చరిత్రలు చదివినప్పుడు, తండాల సంగతి ఎవరు రాస్తరు అని మేమే లేచి అడిగినం. అడిగినోళ్ల మీదనే పడ్డది పని. మా గ్రూపు సభ్యులం వేపచెట్టు కింద కూర్చొని, ముసలోళ్లను అడిగి తెలుసుకొని రాసినం. తప్పులుంటే క్షమించండి.

మా లంబాడోళ్లు మొదట ఒక్కచోట ఉన్నోళ్లు కారు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగి అమ్మెటోళ్లు. దాన్నే మా భాషలో లదేణి అంటరు. దక్కన్‌లో దండు ఎక్కడ దిగితే అక్కడికి గింజలు మోసింది మా తాతలే. రోడ్లు పడ్డయి, 1874లో హైదరాబాదుకు రైలు వచ్చింది. ఎడ్ల మీద మోసే సరుకు రైలెక్కినంక మా ఎడ్లకు పని తగ్గింది. పశువులకు మేత, నీళ్ళు దొరికిన చోట, ఊరికి దూరంగ, గుట్టల పక్కన గుడిసెలేసుకొని ఆగిపోయిండ్రు. ఎవరు నాయకుడైతే తండాకు ఆయన పేరే. అందుకే ఇన్ని తండాల పేర్లు మనుషుల పేర్లే.

ఆగిపోయిండ్రు గని, కాయితంల ఊరు కాలేదు. సర్వే నంబర్లన్నీ పెద్దూరి పేరు మీదనే. మా తండాను శివారు అన్నరు. శివారు అంటే ఏందో ఆడోళ్లకే బాగ తెలుసు. బియ్యం కోసం పెద్దూరికి, పింఛను కోసం పెద్దూరికి, ఓటు కోసం గూడ పెద్దూరికే. మా అత్త చంకల పిల్లను, నెత్తిన బియ్యం మూటను పెట్టుకొని వాగు దాటేది. వానాకాలం వాగొస్తే ఆ నెల బియ్యం మీద ఆశ వదులుకునుడే. గ్రామసభ అని చాటింపు వేసినా ఆ డప్పు మా దాక వినపడకపోతుండె. వార్డు మెంబరు ఒక్కరు మా దిక్కు నుంచి ఉన్నా, తీర్మానం రాసినంక సంతకం పెట్టుడే ఆమె పని.

1976లో చట్టం మార్చి తెలంగాణ లంబాడోళ్లను గూడ ఎస్టీ జాబితాల చేర్చిండ్రు. దాంతోనే మా పిల్లలకు హాస్టల్ సీట్లు దొరికినయి. ఇది రాస్తున్నోళ్లం పదో తరగతి దాక చదివినమంటే ఆ హాస్టల్ అన్నమే.

కాయితంల లేకపోయినా మాకు పొలిమేర ఉండె. తండా బయట సీత్లా భవాని, ఆమె అక్కచెల్లెళ్లు, మొత్తం ఏడుగురి పేరు మీద ఏడు రాళ్ళుంటయి. ఆషాఢంల ఒక మంగళారం అక్కడ పండుగ చేస్తం, మేకలు, గొడ్లు రోగం బారిన పడొద్దని. శ్రావణంల తీజ్ వస్తే పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిదిరోజులు నీళ్ళు పోస్తరు. ఆ నీళ్ళు తెచ్చే బాయి, బుట్టలు పెట్టే మంచె, మొలకలు నిమజ్జనం చేసే కుంట, ఇవన్నీ కలిస్తేనే మాకు తండా. మా దృష్టిల ఆఫీసు బోర్డు కన్న ఇవే పాతయి.

2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలైనయి. ఆ యేడు ఆగస్టు 2 నుంచి 4,383 కొత్త పంచాయతీలు మొదలైతే రాష్ట్రంల మొత్తం 12,751 అయినయి. 'మా తండాలో మా రాజ్యం' అని ఏండ్ల సంది అడిగిన మాట అది. 2019 జనవరిల ఓట్లు. మొదటిసారి వాగు దాటకుంట, మా బడిలనే ఓటేసినం. మా ముసలి యాడి ఒకామె వేలి మీది సిరా నాలుగు రోజులు అందరికి చూపించుకుంట తిరిగింది.

ట్రాక్టరొచ్చింది, నర్సరీ వచ్చింది, వైకుంఠధామం కట్టిండ్రు. నిజానికి మాకు పెద్ద నిమ్మళం ఈ వైకుంఠధామమే. అంతకుముందు తండాల ఎవరన్న కాలం చేస్తే ఎవరి చెలకల జాగ అడగాల్నో అని ఏడుపుల మధ్య గూడ మగోళ్లు పోయి బతిమిలాడుడు ఉండె. ఇంకోటి గూడ దాచకుంట చెప్పాలె. ఆడోళ్లకు సగం సీట్లున్నా, చానా చోట్ల కుర్చీల భర్తనే కూసుంటడు. పేర్లెందుకు గని, చదివేటోళ్లకు తెలుసు.

మా సంఘం దగ్గర గొడవ అప్పుడే మొదలైంది. పంచాయతీ వేరైంది గద, గ్రామ సంఘం గూడ వేరు చేసుకుందమా? పెద్దూరి సంఘంల మా పొదుపు ఉండె, వాళ్ళ గ్రూపుల అప్పు గూడ అండ్లనే ఉండె. మూడు గ్రూపులు వద్దన్నయి. 'వాళ్ళు మనకు జామీను నిలబడ్డ రోజులు మర్చిపోయిండ్రా?' అని అడిగిండ్రు. నిజమే, మొదటి బ్యాంకు లోనుకు మా కోసం సంతకం పెట్టింది పెద్దూరి అక్కలే. రెండు మీటింగులు అరుచుకునుట్లనే పోయినయి. మూడో మీటింగుకు ఆ అక్కలే తండాకొచ్చిండ్రు. లెక్కలు ముందలేసి, రావాల్సింది పోవాల్సింది తేల్చి, కొత్త తీర్మానం పుస్తకం మీద మొదటి పేజీల మా తండా పేరు వాళ్ళ చేతనే రాయించినం. తర్వాత మటన్ కూర, జొన్నరొట్టె.

ఒక్కటి మిగిలింది. పంచాయతీ అయినా రెవెన్యూ గ్రామం కాలేదు. మా పాసుపుస్తకాల్లో ఊరి పేరు దగ్గర ఇంక పెద్దూరే ఉంది. లోన్ ఫారం నింపేటప్పుడు పంచాయతీ కాడ ఒక పేరు, రెవెన్యూ గ్రామం కాడ ఇంకో పేరు రాస్తున్నం. వీఓఏ చెల్లెండ్లు తప్పనుకొని కొట్టెయ్యకండి, రెండూ కరెక్టే.