బిలాస్‌పూర్ రైల్వే పట్టణం: వాడల శుభ్రతలో నివాసుల భాగస్వామ్యం

ఛత్తీస్‌గఢ్‌లోని పెద్ద నగరాలలో ఒకటి బిలాస్‌పూర్. హౌరా–ముంబయి ప్రధాన రైలుమార్గం నుంచి కట్నీ వైపు మార్గం చీలేది ఇక్కడే. 2003లో కార్యకలాపాలు ప్రారంభించిన ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. 19వ శతాబ్దం చివరి దశకాల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే రాకతో స్టేషన్ చుట్టూ ఉద్యోగుల నివాసాలు వెలిశాయి. తెలుగు కుటుంబాలు అనేకం రైల్వే కొలువుల మీదనే ఇక్కడికి చేరి స్థిరపడ్డాయి. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికీ నేరుగా రాకపోకలు ఏర్పడ్డాయి.

రైల్వే పట్టణానికి ఒక ప్రత్యేకత ఉంది. కాలనీలలోని క్వార్టర్లు, వీధులు, నీటి సరఫరా, పారిశుద్ధ్యం రైల్వే యంత్రాంగం చూసుకుంటుంది. వాటిని ఆనుకొని ఉన్న తోర్వా, తార్‌బాహర్, హేమూనగర్ వంటి వాడలు నగరపాలక సంస్థ పరిధిలోనివి. 2019లో తిఫ్రా, సిర్‌గిట్టి, సక్రీ పట్టణాలతో పాటు 15 గ్రామ పంచాయతీలను నగరంలో కలపడంతో శివారు మరింత విస్తరించింది. పాలన హద్దులు ఎన్ని ఉన్నా మురుగునీటికి ఆ హద్దులు తెలియవు. ఎగువ వీధిలో కాలువలో పడిన చెత్త దిగువ వాడకు చేరుతుంది, చివరకు అర్పా నది పాలవుతుంది.

పేండ్రా ప్రాంతంలో పుట్టిన అర్పా బిలాస్‌పూర్ మీదుగా ప్రవహించి శివనాథ్ నదిలో కలుస్తుంది. శివనాథ్ మహానదికి ఉపనది. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆమోదించిన రాష్ట్ర గీతం అర్పా పేరుతోనే మొదలవుతుంది. అయితే వర్షాధారమైన ఈ నది వేసవిలో ఎండిపోయి ఇసుక మేటలుగా మిగులుతోంది, నగరపు మురుగు అందులో చేరుతోంది. నది పరిరక్షణ కోరుతూ బిలాస్‌పూర్‌లోనే కొలువైన రాష్ట్ర హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు దాఖలయ్యాయి. న్యాయస్థానం యంత్రాంగాన్ని ఆదేశించగలదు. ప్రతి ఇంటి వంటగదిలో తడి, పొడి చెత్తను వేరుచేయవలసినది మాత్రం ఆ ఇంటివారే.

అంబికాపూర్ అనుభవం

ఈ పని సాధ్యమేనని ఇదే రాష్ట్రంలోని అంబికాపూర్ చూపింది. ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా జిల్లా కేంద్రమైన ఈ పట్టణంలో 2014–15 నుంచి చెత్తను వనరుగా పరిగణించే విధానం అమలైంది. స్వయం సహాయక సంఘాల మహిళలు రిక్షాలతో ఇంటింటికీ వెళ్ళి చెత్త సేకరిస్తారు. వీరిని స్వచ్ఛతా దీదీలు అంటారు. వార్డులలోని కేంద్రాలకు చేర్చిన చెత్తను కాగితం, ప్లాస్టిక్, గాజు, లోహం వంటి రకాలుగా విడదీసి అమ్ముతారు. తడి చెత్త ఎరువవుతుంది. ఇళ్ళ నుంచి వసూలు చేసే స్వల్ప రుసుము, అమ్మకాల ఆదాయం ఆ మహిళల వేతనాలకు ఆధారం. ఒకప్పుడు చెత్త గుట్టలతో నిండిన డంపింగ్ స్థలం నేడు ఉద్యానవనం. 2019 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందౌర్ తరువాత దేశంలో రెండో స్థానం అంబికాపూర్‌కు దక్కింది. అదే సంవత్సరం అక్టోబరులో అక్కడ ప్రారంభమైన గార్బేజ్ కేఫ్‌లో కిలో ప్లాస్టిక్ వ్యర్థాలు తెచ్చినవారికి భోజనం, అరకిలో తెచ్చినవారికి అల్పాహారం పెడతారు. మిషన్ క్లీన్ సిటీ పేరిట ఈ పద్ధతిని రాష్ట్రంలోని ఇతర పట్టణాలకు విస్తరించారు.

రాయ్‌పూర్ మార్గంలోనే ఉన్న విజయనగరం జిల్లా బొబ్బిలి పట్టణం కూడా తడి చెత్తతో వానపాముల ఎరువు తయారుచేసి పేరు పొందింది.

చట్టం, పథకాలు

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను తడి, పొడి, హానికర గృహ వ్యర్థాలుగా ఇంట్లోనే వేరుచేయాలని నిర్దేశించాయి. 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కాలనీలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలన్నాయి. ఈ బాధ్యతను నివాసుల సంక్షేమ సంఘాలపైనా ఉంచాయి.

నీటి విషయంలోనూ లెక్క సులభం. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే 100 లీటర్ల నీరు. ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన పడే చోట ఐదో వంతు వృథా అయినా 80,000 లీటర్లు ఇంకుడు గుంతకు చేరవచ్చు. బిలాస్‌పూర్‌లో వర్షపాతం సాధారణంగా ఇంతకంటే ఎక్కువే. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకంలో నివాసుల సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కప్పులపై సౌర ఫలకాలు అమర్చుకోవడానికి కిలోవాట్‌కు 18,000 రూపాయల సాయం ఉంది.

కొనసాగడమే పరీక్ష

రైల్వే కాలనీలో కష్టం వేరే ఉంది. ఇల్లు నివాసిది కాదు. బదిలీ వస్తే కుటుంబం మరో ఊరికి వెళుతుంది. మొక్క నాటినవారు దాని నీడలో కూర్చోకపోవచ్చు. ఒకరిద్దరి ఉత్సాహం మీద నడిచే పని వారి బదిలీతోనే ఆగిపోతుంది. అంబికాపూర్‌లో పని నిలిచింది మూడు ఏర్పాట్ల వల్ల: ఇంటి వద్దే విభజన, సేకరించేవారికి క్రమమైన ఆదాయం, నివాసులు చెల్లించే చిన్న రుసుము. ఇవి వ్యక్తులతో కాక ఇంటితో, వార్డుతో ముడిపడినవి కాబట్టి ఎవరు వెళ్ళినా, ఎవరు వచ్చినా కొనసాగుతాయి.

రైల్వే క్వార్టర్లకూ పక్క బస్తీలకూ మధ్య ఇటువంటి ఒప్పందం కుదరాలంటే రైల్వే, నగరపాలక సంస్థ, రెండు వైపుల నివాసులు ఒకచోట కూర్చోవాలి. కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో కలిసి నడిచి చూడటం ఆ చర్చకు మొదటి మెట్టు కాగలదు. ఆ కాలువ చివర ఉన్నది రాష్ట్ర గీతంలో తొలిగా వినిపించే నది.