ఒడ్డు ఎంచిన పడవ

కోటబొమ్మాళి స్టేషన్లో రైలు దిగినవాళ్లకు సముద్రం జాడ తెలియదు. వరి చేలు, జాతీయ రహదారి మీద లారీల రొద, నారాయణవలస సంతకు తోలుకెళ్లే పశువులు. ఎటు చూసినా నేలను నమ్ముకున్న ప్రాంతం. తూర్పుకు తిరిగి, పక్క మండలం సంతబొమ్మాళి దాటి, నౌపడా ఉప్పు మళ్ల వైపుగా వెళ్తే మాత్రం భావనపాడు ఇసుక కాళ్లకు తగులుతుంది. ఆ ఇసుక మీద లాగి పెట్టిన ఫైబరు తెప్పలు, పక్కన ఆరేసిన వలలు, తెప్ప వెనక తగిలించే చిన్న ఇంజన్లు. ఈ ఇంజనునే ప్రపంచం ఔట్‌బోర్డు మోటారు అంటుంది.

ఇలాంటి చిన్న ఔట్‌బోర్డు పడవను చాలా దేశాల్లో భార్యాభర్తలు సెలవుల్లో షికారు తిరగడానికి కొనుక్కుంటారు. కొనే ముందు వాళ్లు వేసుకునే ప్రశ్నలు నాలుగే. ఎంత పొడవుండాలి? ఎంత బరువుండాలి? ఇంజను ఎన్ని హార్స్‌పవర్లది? ఇద్దరం కలిసి దాన్ని నీళ్లలోకి దించి, మళ్లీ ఒడ్డెక్కించగలమా? సిక్కోలు (శ్రీకాకుళం) తీరం ఈ నాలుగు ప్రశ్నలనూ తరతరాలుగా వేసుకుంటూనే ఉంది. షికారు కోసం కాదు, కూటి కోసం. అందుకే ఇక్కడ దొరికిన జవాబులు గట్టివి. ముఖ్యంగా నాలుగో ప్రశ్నకు ఈ తీరం ఇచ్చినంత విలువ మరే తీరమూ ఇచ్చి ఉండదు.

దానికి కారణం ఒడ్డు తీరే. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. మహేంద్రతనయ, వంశధార, నాగావళి అన్నీ ఇక్కడే సముద్రంలో కలుస్తాయి. ఇన్ని ఏటిమొగలున్నా పడవ నిశ్చింతగా తలదాచుకునే సహజమైన రేవు ఒక్కటీ లేదు. మొగల్లో ఇసుక మేటలు వేస్తుంది, ఏటికేడాది దారి మారుతుంది. మిగతాదంతా తిన్నని, వాలైన ఇసుక తీరం. కెరటం నేరుగా వచ్చి ఒడ్డు మీద విరుగుతుంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో ఆ విరుపును దాటి వెళ్లడమే సగం వేట.

అలాంటి చోట పుట్టింది తెప్ప. తేలికపాటి దుంగలను చెక్కి పక్కపక్కన చేర్చి కట్టిన ఈ సాధనం గురించి, కుట్టు పడవల గురించి 17వ శతాబ్దంలోనే థామస్ బౌరీ అనే ఆంగ్ల వర్తకుడు రాసిపెట్టాడు. 1920లో జేమ్స్ హార్నెల్ అనే మత్స్యశాస్త్రవేత్త భారతీయ పడవల మీద పరిశోధన ప్రచురించినప్పుడు గంజాం, విశాఖపట్నం తీరాల తెప్పను తమిళ కట్టుమరం నుంచి విడిగా లెక్కించాడు. దుంగలను తాళ్లతో కట్టి వదిలేయకుండా చెక్క మేకులతో బిగించి, పక్కలు కాస్త లేపి పడవ ఆకారం తెచ్చారని గుర్తించాడు. దీన్ని రెండు సగాలుగా చేసి, వేటకు వెళ్లేటప్పుడు కలిపి కట్టేవారు. వేట నుంచి వచ్చాక విప్పి, ఏ సగానికా సగం మోసుకెళ్లి ఎండబెట్టేవారు. నీళ్లు తాగిన దుంగ బరువెక్కుతుంది, ఎండితే తేలికపడుతుంది. మోయగలిగినంతే తయారు చేసుకోవాలన్న సూత్రం పడవ పుట్టుకలోనే ఉందన్నమాట.

సరుకు మోయడానికి తెప్ప చాలదు. అందుకు మసూలా పడవ ఉండేది. పలకలను మేకులతో కాక కొబ్బరి తాడుతో కుట్టేవారు. లోపల పక్కటెముకల్లాంటి అడ్డకట్టెలు ఉండేవి కావు. కెరటం గుద్దితే మేకు పలకను చీల్చేస్తుంది. కుట్టు అయితే సాగుతుంది, ఒళ్లు వంచి దెబ్బ కాచుకుంటుంది. కళింగపట్నం, బారువ రేవుల్లో ఆవిరి ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడితే సరుకునూ మనుషులనూ ఈ పడవలే చేరవేసేవి. రంగూన్‌కు కూలికి వెళ్లిన ఉత్తరాంధ్ర మగవాళ్లలో చాలామంది మొదటి సముద్ర ప్రయాణం ఓడ మీద మొదలు కాలేదు, ఒడ్డు కెరటం మీద కుట్టు పడవలో మొదలైంది. భార్యలు ఎక్కువగా ఊళ్లోనే మిగిలిపోయారు.

ఇక ఇంజను. దాని కథ ఇక్కడికి చాలా దూరంలో, అమెరికాలోని విస్కాన్సిన్‌లో, ఒక జంట షికారుతో మొదలైందని చెబుతారు. నార్వే నుంచి వలస వెళ్లిన ఓలే ఎవిన్‌రూడ్ అనే మెకానిక్, కాబోయే భార్య బెస్ క్యారీతో ఒకోచీ సరస్సు ఒడ్డున విందుకు వెళ్లాడు. ఆమె ఐస్‌క్రీం అడిగింది. అతను అవతలి ఒడ్డుకు తెడ్డు వేసుకుంటూ వెళ్లి తెచ్చేసరికి అది ఎండకు కరిగిపోయింది. కథలో ఎంత నిజమో, ఎంత అలంకారమో గాని తర్వాతి సంగతులు చరిత్రే. 1909లో అతను అమ్మకానికి పెట్టిన మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్‌ది, బరువు 62 పౌన్లు, అంటే 28 కిలోలు. అతని కంటే ముందే కామెరాన్ వాటర్‌మన్ అనే ఆయన ఔట్‌బోర్డు మోటార్లు అమ్మాడు. జనంలోకి చొచ్చుకుపోయింది మాత్రం ఎవిన్‌రూడ్‌ది. తయారీ అతని పని, వ్యాపారం బెస్ పని. తెడ్లు పారేయమని జనానికి చెప్పిన ప్రకటన ఆమె రాసిందే. ఆమె ఆరోగ్యం పాడవడంతో 1914లో కంపెనీని అమ్ముకున్నారు. కొన్నేళ్ల తర్వాత అల్యూమినియంతో మరింత తేలికైన జంట సిలిండర్ల ఇంజను చేసి, ఎల్టో పేరుతో మళ్లీ బజారుకెక్కారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తొలినుంచీ ఈ ఇంజను గొప్ప దాని బలంలో లేదు. ఒక మనిషి చేత్తో ఎత్తి పడవకు తగిలించి, పని అయ్యాక ఊడదీసి ఇంటికి తీసుకుపోగలగడంలో ఉంది.

జపాన్ కంపెనీలు ఆలస్యంగా వచ్చాయి. యమహా 1960లో, సుజుకి 1965లో తొలి ఔట్‌బోర్డులు తెచ్చాయి. హోండా 1964లో నాలుగు స్ట్రోకుల ఇంజనుతో దిగింది. మన జాలరి పేటల్లో ఈ పేర్లలో కొన్ని చివరికి ఇంటి మాటలయ్యాయి.

అంతకుముందే మన దేశంలో ఒక పెద్ద పాఠం జరిగింది. 1952లో కుదిరిన ఒప్పందంతో ఇండో నార్వేజియన్ ప్రాజెక్టు కేరళలోని నీండకర దగ్గర పని మొదలుపెట్టింది. ఉన్న పడవలకే చిన్న ఇంజన్లు బిగిద్దామని మొదట చూశారు. ఒడ్డు కెరటం దగ్గర ఆ ప్రయత్నం నిలవలేదు. దాంతో రేవును ఆధారం చేసుకున్న పెద్ద మరపడవల వైపు మళ్లారు. రేవున్న చోట ఆ దారి కలిసివచ్చింది. రేవు లేని ఉత్తరాంధ్ర పల్లెలకు అది పరాయి దారే అయింది.

1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా, స్వీడన్ ఆర్థిక సాయంతో బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం ప్రారంభించింది. ఒడ్డెక్కే పడవకే ఇంజను ఎలా పెట్టాలన్న ప్రశ్నను ఈసారి సూటిగా పట్టుకున్నారు. నార్వేకు చెందిన పడవల రూపశిల్పి ఓయ్‌విండ్ గుల్‌బ్రాండ్‌సెన్ వరుసగా నమూనాలు గీశాడు. చిన్న డీజిలు ఇంజను లోపల ఉంటుంది. ఒడ్డు దగ్గర పడగానే ప్రొపెల్లరును పైకి లేపేయొచ్చు. వాటిలో ఐఎన్‌డి-20 అనే రకం ఆంధ్ర తీరంలో వాడుకలోకి వచ్చింది. మంచి పడవే. తెప్పతో పోలిస్తే మాత్రం బరువెక్కువ. దాన్ని ఇసుక మీద లాగాలంటే ఎక్కువ చేతులు కావాలి. 1986లో గుల్‌బ్రాండ్‌సెనే చిన్న చేపల పడవల్లో చమురు ఖర్చు తగ్గించడం మీద ఒక పుస్తకం రాశాడు. కొత్తగా ఇంజను కొనేవాళ్లకు ఇప్పటికీ పనికొచ్చే లెక్క అందులో ఉంది.

ఆ లెక్క ఏమిటంటే, నీళ్లను చీల్చుకుంటూ పోయే పడవ వేగాన్ని దాని పొడవే కట్టేస్తుంది. నీటి మట్టం దగ్గర 25 అడుగుల పొడవున్న పడవకు అందే గరిష్ఠ వేగం ఆరున్నర, ఏడు నాట్లు, అంటే గంటకు 12, 13 కిలోమీటర్లు. అంతకు మించి పోవాలని రెట్టింపు హార్స్‌పవర్ తగిలించినా వేగం కొంచెమే పెరుగుతుంది, చమురు మాత్రం ధారగా పోతుంది. అందుకే పెద్ద ఇంజను కొనడం పెద్దరికం కాదు. రెండో సంగతి, అదే బలానికి రెండు స్ట్రోకుల పెట్రోలు, కిరోసిన్ ఔట్‌బోర్డు తాగేదానిలో సుమారు సగంతోనే డీజిలు ఇంజను పని చేసిపెడుతుంది. డీజిలుది బరువు. ఔట్‌బోర్డుది ఖర్చు. కొనేవాడు ఏ భారం మోస్తాడన్నదే అసలు బేరం.

సిక్కోలు, విజయనగరం, విశాఖ పల్లెలు చివరికి తమ దారి తామే వేసుకున్నాయి. దుంగల స్థానంలో ఫైబరు వచ్చింది, ఆకారం మాత్రం తెప్పదే. లోపల థర్మోకోల్ నింపడంతో నీళ్లు పడినా మునగదు. కెరటం పైకెక్కి దొర్లించినా తేలుతూనే ఉంటుంది. వెనక ఓ 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు, ఇంచుమించు 40 కిలోలు. లేదంటే పొడవాటి షాఫ్టు ఉన్న చిన్న డీజిలు ఇంజను. ఒడ్డు దగ్గరికి రాగానే షాఫ్టును పైకి లేపి, కెరటం వీపు మీద ఇసుకెక్కేస్తారు. ఇంజను ఊడదీసి ఇంటికి తెచ్చుకుంటారు. బయట నుంచి వచ్చిన నిపుణుల కంటే ఈ పేటల వాళ్లు తమ ఒడ్డును బాగా చదివారనడానికి ఆ ఫైబరు తెప్పే సాక్ష్యం.

ఇంజనుతో పాటు లెక్కలూ మారాయి. పూర్వం చేపల వాటాలు మనుషులకు, వలకు, తెప్పకు ఉండేవి. ఇప్పుడు చమురు ఖర్చు తీసేశాకే పంపకం, అందులో ఇంజనుకూ ఒక వాటా. వేటకు పోకపోయినా ఇంటికొచ్చే వాటా అది. అలాగే రిపేరుకు, అప్పుకు పోయే వాటా కూడా. సముద్రంలో ఇంజను నడిపేది మగవాళ్లే అయినా, గంపలో చేపలు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది, ఆ డబ్బుతో అప్పు వాయిదా కట్టేది ఆడవాళ్లు. ఇంజను కొనుగోలు ఇద్దరి నిర్ణయం కాక తప్పదు. పడవల చరిత్ర రాసినవాళ్లు ఒడ్డు మీది ఈ సగాన్ని వదిలేయడం పెద్ద లోటు.

భార్యాభర్తలు ఒకే పడవలో కనిపించాలంటే ఉత్తరాంధ్ర వాళ్ల వెంట నల్లగొండ జిల్లాకు వెళ్లాలి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆనకట్ట పనులకు విశాఖ వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు కొన్ని అక్కడే ఉండిపోయి, జలాశయంలో చేపలు పట్టడం మొదలుపెట్టాయి. వాళ్లున్న ఊరికి వైజాగ్ కాలనీ అన్న పేరే నిలిచిపోయింది. అక్కడ కెరటం లేదు. ఇద్దరు ఎక్కే పుట్టి చాలు, ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు వల చూసుకుంటారు. ఇప్పుడు హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చే జంటలు అదే నీళ్ల మీద పడవ షికారు చేసి, చేపల కూర తిని వెళ్తున్నారు. సముద్రం ఒడ్డు ఇవ్వని వెసులుబాటును జలాశయం ఇచ్చింది.

సముద్రం మీదా జంటలు లేకపోలేదు. కేరళలోని త్రిస్సూరు జిల్లా చేటువ గ్రామానికి చెందిన కె.సి. రేఖ, భర్త కార్తికేయన్‌తో కలిసి చిన్న ఇంజను పడవలో వేటకు వెళ్లింది. దేశంలో సముద్ర వేటకు లైసెన్సు పొందిన తొలి మహిళగా 2017లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఆమెను సత్కరించింది. పనివాళ్లు మానేయడంతో భర్తకు తోడుగా పడవెక్కిందామె. ఇద్దరే నడపగలిగిన పడవ కాబట్టే అది సాధ్యమైంది.

చిన్న పడవకు హద్దులూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి చట్టం తీరం నుంచి 8 కిలోమీటర్ల మేర నీళ్లను సంప్రదాయ వేటగాళ్లకు కేటాయించింది. చేప దూరం జరిగితే ఆ గీత ఆకలి తీర్చదు. సిక్కోలు కుర్రాళ్లు గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లి పెద్ద మరపడవల మీద కూలికి కుదిరేది అందుకే. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో ఇల్లు చేరారు. ‘తండేల్’ సినిమాకు మూలం ఆ ఉదంతమే. వాళ్లు పట్టుబడడానికి ముందు నెలలో, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఒడ్డు మీద లాగి పెట్టినవి కూడా తుపానుకు అడ్డం నిలవలేవని ఆ రాత్రి తేలిపోయింది.

ఇప్పుడు ఒడ్డే మారబోతోంది. 2023 ఏప్రిల్ 19న సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో చేపల రేవు తలపెట్టారు. రేవు వస్తే పెద్ద పడవలు వస్తాయి, వలస తగ్గే అవకాశం ఉంది. అది కావాల్సిందే. అయితే రేవుకు దూరంగా ఉన్న పేటలు తెప్పలనే నమ్ముకుని ఉంటాయి. రేవు గోడలు గీసే ఇంజనీర్లు ఆ గీతల్లోనే చిన్న పడవలు ఎక్కడానికి ఒక వాలు, ఔట్‌బోర్డులు బాగుచేసే షెడ్డు, విడిభాగాల కొట్టు, ఆడవాళ్లు చేపలు బేరమాడుకోవడానికి నీడ కలపాలి. మధ్యలో ఉన్న ప్రతి పేట దగ్గరా తుపానుకు అందనంత ఎత్తులో తెప్పలు పెట్టుకునే చదును నేల, అక్కడికి లాగడానికి ఒక వించి ఏర్పాటు చేయాలి. పోర్టు ఖర్చుతో పోలిస్తే ఇవన్నీ కలిపినా చాలా చిన్న మొత్తం.