వృద్ధుల సంబోధన

తెలుగువారు వయసు మళ్ళినవారిని పిలిచేటప్పుడు వాడే బంధుత్వ పదాలు, గౌరవ వాచకాలు, క్రియారూపాల సముదాయమే వృద్ధుల సంబోధన. తాతగారు, మామ్మగారు, పెద్దాయన, పెద్దావిడ మొదలైనవి ఈ కోవలోనివి. సందర్భాన్ని బట్టి ఒకే పిలుపు ఆప్యాయతను, మన్ననను లేదా చిన్నచూపును తెలుపుతుంది.

పిలుపులోని మెట్లు

పరాయివారిని సైతం వరుస పెట్టి పిలవడం తెలుగునాట మామూలు మర్యాద. అందువలన "తాత" అనే మాట దానంతట అది అవమానం కాదు. గౌరవాన్ని నిర్ణయించేవి పదం చివర చేరే గారు, అండి; నువ్వు, మీరు అనే సర్వనామాలు; వాటికి తగిన క్రియ. "తాతా, ఇలా కూర్చో" అని మనవడు అంటే అది చనువు. అదే మాట కార్యాలయంలో పరిచయం లేని గుమాస్తా అంటే చిన్నచూపుగా తోస్తుంది. "తాతగారూ, ఇలా కూర్చోండి" అన్నప్పుడు ఆ ఇబ్బంది ఉండదు.

ఎదుట లేనివారి గురించి చెప్పేటప్పుడు వాడు, అతను, ఆయన, వారు అనే మెట్లు ఉన్నాయి. స్త్రీల విషయంలో అది, ఆమె, ఆవిడ, వారు అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్.గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఇటువంటి భేదాలను వివరించారు. "పెద్దాయన" మన్ననతో కూడినది. "ముసలాయన" అని భార్య అంటే పరిహాసం, ఇతరులు అంటే మొరటుతనం. "ముసలోడు", "ముసల్ది" నిందా వాచకాలు.

పామర్రు ప్రాంతంలో

కృష్ణా జిల్లాలో విజయవాడ - మచిలీపట్నం రహదారిపై ఉన్న పామర్రు చుట్టుపక్కల తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మ, మామ్మ అనే పిలుపులు వాడుకలో ఉన్నాయి. రాయలసీమ, తెలంగాణలలో ఎక్కువగా వినిపించే "అవ్వ" ఇక్కడ అరుదు.

గతంలో డెల్టా గ్రామాలలో వయసు కంటే కులానికి, భూమికే ఎక్కువ విలువ ఉండేది. తాత వయసున్న దళిత పాలేరును ఆసామి ఇంటి పిల్లలు కూడా పేరు పెట్టి "నువ్వు" అనేవారు. ఆ వృద్ధుడు మాత్రం వారిని "బాబుగారు" అని పిలవవలసి వచ్చేది. అంటే ముసలితనానికి దక్కే గౌరవం అందరికీ సమానంగా దక్కలేదు.

బంధుత్వ పదం వయసును కాక అనుబంధాన్ని తెలిపిన సందర్భమూ ఇక్కడే ఉన్నది. పామర్రు మండలంలోని నిమ్మకూరులో 1923 మే 28న జన్మించిన నందమూరి తారక రామారావు 1982లో తెలుగుదేశం పార్టీ స్థాపించేనాటికి అరవయ్యవ ఏటికి చేరువలో ఉన్నారు. అయినా ఆయనను మనవల వయసువారు సైతం "అన్నగారు" అనే పిలిచారు.

ప్రభుత్వ భాషలో

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 60 ఏళ్ళు నిండినవారిని వయోవృద్ధులుగా నిర్వచించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019-2024 మధ్య పింఛను ప్రచారంలో "అవ్వాతాతలు" అనే మాట విస్తృతంగా వాడబడింది. ఇందులో ఆత్మీయత ఉన్నది. అయితే ప్రభుత్వ పథకం కింద రావలసిన దానిని ఇంటివారి ఆదరణగా చూపే గుణం కూడా ఇందులో ఉన్నది.

పరిశోధనలు

వయసును బట్టి చూపే వివక్షకు అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1969లో "ఏజిజం" అని పేరు పెట్టారు. 1981లో లిండా కాపొరేల్ అక్కడి వృద్ధాశ్రమంలో సంరక్షకుల మాటలను పరిశీలించారు. మాటల అర్థం తెలియకుండా స్వరం మాత్రమే వినిపించినప్పుడు, వృద్ధులతో ముద్దుగా మాట్లాడిన తీరుకూ పసిపిల్లలతో మాట్లాడిన తీరుకూ శ్రోతలు తేడా గుర్తించలేకపోయారు. 2009లో క్రిస్టీన్ విలియమ్స్ బృందం మతిమరుపు వ్యాధిగ్రస్తులపై చేసిన పరిశీలనలో, ఇటువంటి మాటతీరు ఎదురైనప్పుడు వారు సేవలను ప్రతిఘటించడం ఎక్కువైనట్లు తేలింది.

ఆంగ్లంలో పరాయివారు వాడే ముద్దుపేర్లే అభ్యంతరకరంగా భావించబడతాయి. తెలుగులో వరుస పెట్టి పిలవడం తప్పు కాదు. పేరును పూర్తిగా వదలివేయడం, అనుమతి లేకుండా "నువ్వు" అనడం, వృద్ధులు ఎదుటనే ఉన్నా "తాత మందులు వేసుకున్నాడా?" అని వెంట వచ్చినవారిని అడగడం వంటివి వారి వ్యక్తిత్వాన్ని తగ్గిస్తాయి.

ఇవి కూడా చూడండి

* పామర్రు
* నిమ్మకూరు
* తెలుగు వ్యాకరణం