ఎవ్రీవన్ పక్కన హిజ్ ఎలా వచ్చి కూర్చుంది?

కొంచెం పొడుగు పోస్ట్, ఓపిగ్గా చదవండి.

పోయిన ఆదివారం ప్రాక్టీస్ టెస్ట్‌లో ఒక ఖాళీ ఇచ్చారు. 'ఎవ్రీవన్ మస్ట్ బ్రింగ్ డాష్ ఓన్ హాల్ టికెట్.' నేను 'దెయిర్' పెట్టాను. కీలో 'హిజ్' ఉంది. మార్కు పోయింది, పైగా నెగెటివ్ పావు మార్కు. మా రూంలో ఆరుగురం, ఆరుగురమూ ఆడపిల్లలమే. మా ఆరు హాల్ టికెట్లూ 'హిజ్' ఎట్లా అయ్యాయో తెలీలేదు. సార్‌ని అడిగితే "ఎవ్రీవన్ ఏకవచనం, దెయిర్ బహువచనం, రూల్ అంతే" అన్నారు. సరే, ఆ రూల్ ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని వారం రోజులు లైబ్రరీలో, ఫోన్‌లో వెతికాను. దొరికింది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. సార్ చెప్పింది సగం నిజమే. ఎవ్రీవన్, ఎనీబడీ, నోబడీ, ఈచ్ వీటి పక్కన క్రియ ఏకవచనమే వస్తుంది. 'ఎవ్రీవన్ ఈజ్' అంటారు, 'ఆర్' అనరు. తంటా అంతా తర్వాత వచ్చే సర్వనామంతోనే. ఇంగ్లీషులో ఒక్క మనిషికి హి, షి రెండే ఉన్నాయి. ఆ మనిషి ఎవరో తెలీనప్పుడు ఏది వాడాలి?

మన తెలుగులో ఈ బాధ లేదు. 'ఎవరైనా వస్తే వాళ్ళని కూర్చోమను' అంటాం. వచ్చేది ఒక్కరే కావచ్చు, అయినా 'వాళ్ళు'. ఎవడో, ఎవతో అన్న మాటలు ఉన్నా కోపంలోనే ఎక్కువగా నోటికి వస్తాయి. మా ఇంట్లో మాట్లాడే కోయలో ఇంకో రకం: మగమనిషికి ఒక మాట, ఆడమనిషికీ ఆవుకీ చెట్టుకీ కలిపి ఇంకో మాట. (దీని మీద మా అమ్మమ్మతో ఒకసారి గొడవ పడ్డాను, అది వేరే కథ.)

నేను తెలుగులో ఆలోచించి 'దెయిర్' పెట్టాను కాబట్టి తప్పు నాదే అనుకున్నా. తీరా చూస్తే ఇంగ్లీషు వాళ్ళు కూడా అట్లాగే మాట్లాడేవాళ్ళంట. ఎవరో తెలీని ఒక్క మనిషికి 'దే' వాడటం 14వ శతాబ్దం నుంచే ఉంది. చాసర్‌లో ఉంది, షేక్‌స్పియర్‌లో ఉంది, జేన్ ఆస్టిన్ నవలల్లో బోలెడు సార్లు ఉంది.

రూల్ వచ్చింది 18వ శతాబ్దంలో. న్యూకాజిల్‌లో బడి నడిపిన ఆన్ ఫిషర్ అనే ఆమె 1740లలో ఒక వ్యాకరణం రాసింది. ఆడా మగా కలిసిన మాటకు పుంలింగ సర్వనామం సరిపోతుందని అందులో చెప్పింది. ఆ పుస్తకం ముప్పైకి పైగా ముద్రణలు పడింది. రూల్ మొదట రాసినవాళ్ళలో ఒకామె ఉందని చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నా. 1795లో లిండ్లీ మర్రే వ్యాకరణం వచ్చింది. ఎనీవన్ పక్కన దెయిర్ రాస్తే ఆయన తప్పుల పట్టికలో వేశాడు. ఆ పుస్తకం బళ్ళన్నిటికీ పాకింది. మన దగ్గర ఇప్పటికీ చదివే రెన్ అండ్ మార్టిన్‌లోకి కూడా ఈ 'హి' రూలే వచ్చింది.

ఇక్కడిదాకా అయితే ఒక మార్కు గొడవే. తర్వాత ఇది చట్టంలోకి ఎక్కింది.

1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల భాషను కురచ చేయడానికి ఒక చట్టం చేసింది. ఇకనుంచి చట్టంలో పుంలింగ మాట ఉంటే అందులో ఆడవాళ్ళు కూడా ఉన్నట్టే, వేరేగా చెప్తే తప్ప. వినడానికి బాగుంది కదా? 1867లో ఓటు హక్కు చట్టం 'మ్యాన్' అనే మాటతో వచ్చింది. మాంచెస్టర్‌లో ఐదువేలకు పైగా ఆడవాళ్ళు, మ్యాన్‌లో మేమూ ఉన్నాం కదా, మా పేర్లు రాయండి అన్నారు. 1868లో కోర్టు కుదరదంది. ఈ మాటలో మీరు లేరు అంది. పన్ను కట్టేటప్పుడు, శిక్ష పడేటప్పుడు మాత్రం అదే 'హి'లో వాళ్ళు ఉన్నారు. ఓటు దగ్గరికి వచ్చేసరికి లేరు.

మన దేశంలోనూ ఇదే జరిగింది. 1897 జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్‌లో ఆ మాటే ఉంది, అంతకుముందు చట్టంలో కూడా ఉంది. రెజీనా గుహ అనే ఆమె లా పాసై ప్లీడర్‌గా చేర్చుకోమని అడిగితే 1916లో కలకత్తా హైకోర్టు కాదంది. పుంలింగంలో స్త్రీలు కూడా వస్తారన్న వాదన నిలబడలేదు. 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాకూ అదే జవాబు. చివరికి 1923లో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేస్తే గానీ ఆ అడ్డు పోలేదు. అంటే 'హిజ్‌లో అందరూ ఉంటారు' అన్నది వ్యాకరణం పుస్తకంలో ఉంది, చట్టంలో ఉంది, కోర్టు గుమ్మం దగ్గర మాత్రం లేదు.

మన రాజ్యాంగాన్ని చదివేటప్పుడు కూడా ఆ జనరల్ క్లాజెస్ చట్టమే వాడాలని 367వ అధికరణం చెప్తుంది. 60వ అధికరణం రాష్ట్రపతి ప్రమాణం గురించి. ఇంగ్లీషులో తీసి చూడండి: మొదలు 'ఎవ్రీ ప్రెసిడెంట్', తర్వాత పదవి గురించి చెప్పేటప్పుడు 'హిజ్'. అచ్చం నా ఖాళీ లాంటిదే. 2022 జులై 25న ద్రౌపది ముర్ము గారు ప్రమాణం చేసింది ఆ అధికరణం కిందే. ఆమె తల్లిభాష సంతాలీ. అందులో మనిషిని చెప్పే సర్వనామానికి ఆడా మగా తేడానే లేదు.

ఇప్పుడు ఇంగ్లీషు వాళ్ళే మళ్ళీ మారుతున్నారు. 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 'దే'ని ఆ ఏటి మాటగా ఎంచుకుంది. పరిశోధన పత్రాలు రాసేవాళ్ళు పాటించే ఏపీఏ పద్ధతి కూడా అదే ఏడు ఒక్క మనిషికి 'దే' వాడొచ్చని ఒప్పుకుంది. మన కీలు మాత్రం ఇంకా లిండ్లీ మర్రే దగ్గరే ఉన్నాయి.

మరి పరీక్షలో ఏం పెట్టాలి? ఆప్షన్లలో 'హిజ్ ఆర్ హర్' ఉంటే అదే పెట్టండి, గొడవ ఉండదు. అది లేకుండా హిజ్, దెయిర్ రెండూ ఉంటే పాత కీలు చూసుకుని పెట్టండి, నా మాట విని మార్కు పోగొట్టుకోకండి. సొంతంగా రాసేటప్పుడైతే 'ఆల్ స్టూడెంట్స్' అని మొదలుపెట్టి 'దెయిర్' రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు. మా హాస్టల్ నోటీస్ బోర్డు మీద 'ఈచ్ స్టూడెంట్ షుడ్ వాష్ హిజ్ ప్లేట్' అని ఉండేది. అది బాలికల హాస్టల్. నిన్న రాత్రి ఎవరో పెన్నుతో 'హిజ్' కొట్టేసి 'హర్' రాశారు. ఎవరో నాకు తెలుసు, చెప్పను.

గ్రూప్‌లో ఎవరి దగ్గరైనా పాత ఇంగ్లీషు పేపర్లు, కీలతో సహా ఉంటే పెట్టండి. వాళ్ళకి నా సెమిస్టర్ నోట్సు పంపిస్తా.