అతుకుల పురాణం

మా ఆనందపురంలో తెల్లవారుజామున పూలబేరాలు మొదలయ్యే వేళకి లేచి కాఫీ పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ రోజు లేవలేదు. ఎందుకంటే అసలు పడుకోలేదు. రాత్రి పదిన్నర నుంచీ నా కంప్యూటరు "అప్‌డేట్ జరుగుతోంది, 35 శాతం పూర్తయింది, ఆపకండి" అని ఒకే మాట పట్టుకుని కూర్చుంది. బాణం కదలదు, మీట నొక్కితే పలకదు.

దీనికింత గాభరా ఏమిటని నవ్వకండి. దాని కడుపులో మా అమ్మ పెళ్లిపాటలున్నాయి. నలుగుపాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాటలు. ఆవిడ చివరి రెండేళ్లూ పక్కన కూర్చుని పాడించుకుంటూ టైపు చేసుకున్నవి. మరో ప్రతి లేదు. పాడడానికి అమ్మా లేదు.

ఉన్నది ఉన్నట్టు నడవక ఈ అప్‌డేట్లెందుకని ఆ రాత్రి తిట్టుకున్నాను. తర్వాత నిదానంగా చదివి చూస్తే, ఇది మన ఆడవాళ్లకి తెలిసిన విద్యే! 1944లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ వన్ అనే పెద్ద లెక్కల యంత్రం పనిలోకి దిగింది. అది చెయ్యవలసిన పనంతా కాగితపు పట్టీ మీద చిల్లులు పొడిచి చెప్పేవారు. తప్పు చిల్లు పడితే పట్టీ పారెయ్యకుండా, ఆ చోట చిన్న కాగితం ముక్క అంటించేవారు. ప్యాచ్ అంటే అతుకే కదా! కంప్యూటరు మరమ్మతుకి ఇవాళ్టికీ అదే పేరు. చినిగిన రవికెకి గుడ్డముక్క వేసి కుట్టిన మన అమ్మమ్మలకి ఇందులో వింతేముంది?

1998లో విండోస్ 98తో ఈ అతుకులు ఇంటర్నెట్ మీద తెచ్చుకునే ఏర్పాటు వచ్చింది. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్టు వారు నెలకోసారి, రెండో మంగళవారం నాడు వీటిని పంపడం మొదలుపెట్టారు. నెల సరుకుల్లాగన్నమాట.

సరుకులు తెచ్చుకోకపోతే ఏమవుతుందో 2017లో తెలిసింది. ఆ ఏడు మార్చి 14న ఒక ముఖ్యమైన అతుకు వచ్చింది. "తర్వాత చూద్దాం" అనుకున్నవారు లోకమంతా ఉన్నారు. మే 12న వాన్నాక్రై అనే పురుగు సరిగ్గా ఆ చిరుగులోంచే దూరి, ఫైళ్లకి తాళాలు వేసి, తాళంచెవికి 300 డాలర్లు అడిగింది. 150కి పైగా దేశాల్లో రెండు లక్షల కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. మన రాష్ట్రంలో పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని చిక్కుకున్నాయి. ఆ జిల్లాల్లో మన విశాఖపట్నమూ ఉంది.

అలాగని అతుకు వేస్తే చాలదు, చూసి వెయ్యాలి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే కంపెనీ తన కాపలా ప్రోగ్రాముకి పంపిన అప్‌డేట్‌లో పొరపాటు దొర్లి, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకుని కూలబడ్డాయని మైక్రోసాఫ్టు అంచనా. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు! గంటన్నర లోపే కంపెనీ తప్పు దిద్దుకుంది. కానీ అప్పటికే పడిపోయినవాటిలో చాలావాటిని మనుషులు వెళ్లి ఒక్కొక్కటిగా లేపవలసివచ్చింది.

ఇక నా సంగతి. తెల్లారుతూనే హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోను చేశాను.

"అమ్మా, కంగారుపడి స్విచ్చి తియ్యకు. ఇంట్లో మనుషులుండగానే దూలం మారుస్తున్నట్టు లెక్క. సగంలో ఆపితే కప్పు కూలుతుంది. ముందు డిస్కు దీపం మిణుకుతోందా చూడు."

"లేదురా, అర్ధరాత్రి నుంచీ చీకటే."

"అయితే నిజంగానే ఆగిపోయింది. ప్రింటరూ పెన్‌డ్రైవూ అన్నీ పీకెయ్యి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపు. మళ్లీ వెయ్యి."

ఒకసారి వేశాను, రెండుసార్లు వేశాను. మూడోసారి అదే మరమ్మతు తెర చూపించింది. అబ్బాయి చెప్పినట్టు అందులో కొత్త అప్‌డేట్ తీసివేసే మాట మీద నొక్కి, దేవుడిగది వైపు చూడకుండా ఉండలేకపోయాను.

గుమ్మంలో పూలమ్మి కేక. "ఏటమ్మా, అలాగున్నారు? వొంట్లో బాగోలేదా?"

జవాబు చెప్పేలోపల తెర వెలిగింది. పాటలు ఒక్కటీ పోలేదు. ఆవిడ దగ్గర రోజూ కంటే రెండు మూరలు ఎక్కువ కొన్నాను.

ఇంతకీ జబ్బేమిటంటారా? డిస్కులో చోటు లేదు. పాతదాన్ని పక్కన దాచుకుని కొత్తది పెట్టుకోవాలి గదా, అటకంతా నేనే నింపేశాను. ముందు పాటలన్నీ పెన్‌డ్రైవులో ఒకసారి, అబ్బాయి దగ్గర ఒకసారి దాచాను. అక్కరలేని సినిమాలు తీసేసి, అదే అప్‌డేట్ మళ్లీ వేస్తే గంటలో అయిపోయింది.

ఇప్పుడు అప్‌డేట్ రాగానే, పాటలకి నకలు తీసి మరీ వేసుకుంటున్నాను. "తర్వాత" అనే మాట మాత్రం మా వారు మూడోసారి కాఫీ అడిగినప్పటికి దాచుకున్నాను.